బడి లైబ్రరీకి పాత పేపర్లు, గుగ్గిళ్ల స్టాలు: డబ్బు లెక్క ఎలా రాయాలి, చివర్లో రిపోర్టు ఎలా రాయాలి?

తొమ్మిది-బి లీడర్:

ఈ చర్చలోని సభ్యులందరికీ నమస్కారం. మాది గుంటూరు వైపు పల్లెటూరి జిల్లా పరిషత్ హైస్కూలు. తొమ్మిదో తరగతిలో 42 మందిమి. ఇప్పుడు మా లైబ్రరీ అంటే స్టాఫ్ రూములో తాళం వేసి ఉండే ఒక బీరువా. వరండా చివర ఖాళీ గది ఒకటి ఉంది. అందులో ఒక స్టీలు ర్యాకు, పిల్లలు చేత్తో తీసుకుని చదువుకునేలా 150 పుస్తకాలు పెట్టాలని మా ఆలోచన. ర్యాకుకి 4,500 అడిగారు. పుస్తకం సగటున 60 వేసుకుంటే 9,000. రిజిస్టరు, రవాణా, అవీ ఇవీ ఇంకో 1,500. మొత్తం 15,000 రూపాయలు.

అక్టోబరు నెలంతా ఊళ్లో పాత పేపర్లు పోగేసి అమ్ముతాం. నవంబరు 14న బాలల దినోత్సవానికి బడిలోనే తిండి స్టాలు పెడతాం. హెచ్చెం సారు ఒప్పుకున్నారు. బడిలో 310 మంది పిల్లలు.

నా ప్రశ్నలు ఇవి. డబ్బు ఎవరి దగ్గర ఉండాలి, లెక్క ఎలా రాయాలి? స్టాల్లో బజ్జీలు, పునుగులు అనుకుంటున్నాం, ఎంత సరుకు పడుతుంది? పేపర్లకి ఎంత రావచ్చు? చివరిగా, ఎఫ్ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే తరగతి మూల్యాంకనం) ప్రాజెక్టు పనిగా ప్రతి ఒక్కరూ తమ అనుభవం మీద రెండు పేజీలు రాయాలన్నారు. అందరం ఒకేలా "సేవ చేయడం ఆనందాన్నిచ్చింది" అని రాస్తామేమోనని భయంగా ఉంది. ఎలా రాయాలి?

—

లెక్కల మాస్టారు:

ముందు డబ్బు సంగతి. ఒక్క రూపాయి పోగవ్వకముందే దీన్ని తేల్చుకోవాలి.

డబ్బు ఏ పిల్లవాడి ఇంట్లోనూ, ఏ టీచరు జేబులోనూ ఉండకూడదు. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం మీ బడికి యాజమాన్య కమిటీ ఉంటుంది, అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే. కమిటీ సమావేశంలో చిన్న తీర్మానం రాయించండి: ఎందుకు పోగుచేస్తున్నారు, ఎంత లక్ష్యం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, మిగిలితే ఏం చేస్తారు. ఈ చివరి మాట చాలామంది మరిచిపోతారు, గొడవలు అక్కడే వస్తాయి. డబ్బు కమిటీ ఖాతాలో వేయాలి. వసూలైన రోజు బ్యాంకు మూసేసి ఉంటే హెచ్చెం బీరువాలో సీలు వేసిన కవరులో ఉంచి, మర్నాడు పొద్దున్నే కట్టేయాలి.

రసీదు పుస్తకం రెండు కాపీలది కొనండి, వరస నంబర్లు ముందే అచ్చయి ఉండాలి. మధ్యలో కార్బన్ పెట్టి రాయండి. తప్పు రాస్తే చింపేయకండి. అడ్డంగా రెండు గీతలు గీసి "రద్దు" అని రాసి రెండు కాపీలూ పుస్తకంలోనే ఉంచండి. 37 తర్వాత 39 కనిపిస్తే 38 ఏమైందని అడిగే హక్కు ప్రతి దాతకీ ఉంది. పది రూపాయలిచ్చినా రసీదు ఇవ్వాల్సిందే.

స్టాలు రోజు తిండి వడ్డించేవాళ్లు డబ్బు ముట్టుకోకూడదు. కూపన్లు పెట్టండి. ఒక్కో వంటకానికి ఒక్కో రంగు కాగితం, 001 నుంచి వరస నంబర్లు, వెనక బడి ముద్ర. ముందురోజే తరగతుల వారీగా సగానికి పైగా అమ్మేయండి. మిగతావి ఆ రోజు స్టాలుకి పదిహేను అడుగుల దూరంలో వేరే బల్ల మీద అమ్మండి. వడ్డించేవాళ్లు కూపన్ తీసుకుని అక్కడికక్కడే చింపి డబ్బాలో వేయాలి, లేకపోతే అదే కూపన్ రెండోసారి తిరిగొస్తుంది.

గల్లా పెట్టెలో మొదట 500 రూపాయల చిల్లర ఉంచండి: పది నోట్లు 20, అయిదు రూపాయల బిళ్లలు 40, ఇరవై నోట్లు 5. ఈ 500 మీ ఆదాయం కాదు. సాయంత్రం లెక్కలో ముందు దీన్ని పక్కకు తీయాలి.

లెక్క సరిచూడటం ఇలా ఉంటుంది. గుగ్గిళ్ల కూపన్లు 001 నుంచి 200 దాకా కొట్టారు, 186 నుంచి 200 దాకా మిగిలాయి. అంటే అమ్మినవి 185, ఒక్కోటి 15 చొప్పున 2,775. మజ్జిగ కూపన్లు 192 అమ్మారు, పది చొప్పున 1,920. రెండూ కలిపి 4,695. చిల్లర 500 కలిపితే ముందురోజు వసూలుతో సహా మీ చేతిలో 5,195 ఉండాలి. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, ఏ నోట్లు ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసి, అప్పుడు పోల్చుకోవాలి. 5,175 వచ్చిందనుకోండి. "20 తక్కువ" అని రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఎవరో ఒకరు జేబులోంచి ఇరవై తీసి పూడ్చేయడం మంచితనంలా కనిపిస్తుంది. అలా చేస్తే తప్పు ఎక్కడ జరిగిందో ఎప్పటికీ తెలియదు, లెక్క కూడా నిజం కాకుండా పోతుంది.

ఖర్చులు గల్లా పెట్టెలోంచి నేరుగా తీయకండి. శనగలకి, పెరుగుకి ముందుగా ఎవరు పెట్టుబడి పెట్టారో వారికి బిల్లు చూసి, వోచరు రాసి, ఖాతాలోంచి ఇవ్వండి.

ఫోన్ చెల్లింపుల గురించి ఒక్క మాట. కమిటీ ఖాతాకి క్యూఆర్ ఉంటే పెట్టండి, లేకపోతే నగదే. టీచరుగారి సొంత క్యూఆర్ పెట్టి "తర్వాత సర్దుదాం" అనుకోవద్దు. చెల్లించినట్టు చూపించే ఫొటో చూసి కూపన్ ఇవ్వకండి, ఖాతాలో పడినట్టు మెసేజీ రావాలి.

—

పాత పేపర్ల పని:

ఎంత వస్తుందో అంచనా మీరే కట్టుకోవచ్చు. 16 పేజీల దినపత్రిక అంటే నాలుగు పెద్ద షీట్లు, సుమారు 70 గ్రాములు. నెలంతా కలిపితే ఇంటికి రెండు కిలోలు, చిన్న సైజు అనుబంధాలు కూడా ఉంటే ఇంకొంచెం. చాలా ఇళ్లలో రెండు మూడు నెలల పేపర్లు అటక మీద ఉంటాయి. వంద ఇళ్లు ఒప్పుకుంటే 500 కిలోలు అనుకోవడం అత్యాశ కాదు. కిలోకి 12 రూపాయలు పలికితే 6,000. మీ ఊళ్లో ధర ఎంతో ముగ్గురు పాత సామాన్ల వ్యాపారుల దగ్గర అడిగి కాగితం మీద రాసుకోండి. ధర వారానికోసారి మారుతుంది కాబట్టి అమ్మే రోజు మళ్లీ అడగాలి.

ధర పడగొట్టేవి రెండే: తడి, కలగలుపు. కట్ట మధ్యలో నాలుగు పేపర్లు తడిగా ఉంటే వ్యాపారి మొత్తం కట్టకి తరుగు తీస్తాడు. అక్టోబరు, నవంబరు మీ ప్రాంతంలో వానలు, తుఫాన్ల కాలం. వరండాలో గోడవారన పేర్చకండి. ఇటుకల మీద చెక్క పలకలు వేసి గది మధ్యలో పేర్చండి. నేల తేమా పట్టదు, చెదలు పడితే వెంటనే కనిపిస్తుంది.

వేరు చేయడం ఇలా: దినపత్రికలు ఒక కుప్ప, నున్నటి కాగితం వారపత్రికలు, క్యాలెండర్లు ఒక కుప్ప, రాసేసిన నోటు పుస్తకాలు ఒక కుప్ప, అట్టపెట్టెలు ఒక కుప్ప. నాలుగింటికీ నాలుగు ధరలు. కలిపి ఇస్తే అన్నిటికీ తక్కువ ధరే కడతారు. నోటు పుస్తకాలకి అట్ట, పిన్నులు తీసేస్తే చాలాచోట్ల న్యూస్‌పేపరు కంటే ఎక్కువ ఇస్తారు.

వేరు చేసేటప్పుడు ఇంకోటి చూడాలి. పేపర్ల మధ్యలో ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పాస్‌బుక్కులు, పొలం కాగితాలు, ఆసుపత్రి రిపోర్టులు తప్పకుండా వస్తాయి. ఇంటి దగ్గర తీసుకున్నప్పుడే కట్ట మీద ఇంటి నంబరు చీటీ పెట్టుకుంటే తిరిగి ఇచ్చేయొచ్చు. ఎవరివో తెలియకపోతే చదవకుండా హెచ్చెంకి అప్పగించండి.

ఒక్కో కట్ట పది కిలోలు. పురికొసతో నిలువునా అడ్డంగా రెండు చుట్లు, ముడి పైకి రావాలి. అంతకంటే పెద్ద కట్ట కడితే ఎత్తేటప్పుడు తాడు వేళ్లను కోస్తుంది, మధ్యలో జారి విడిపోతుంది. పది కిలోలైనా ఇద్దరు పట్టుకోవాలి.

తూకం బడి ఆవరణలోనే జరగాలి, బండి ఎక్కాక కాదు. చేత్తో వేలాడదీసే కాటా ఒప్పుకోకండి. దుకాణం ఎలక్ట్రానిక్ కాటా ఒక గంట అరువు తెచ్చుకోండి. దాని మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి. అయినా మీరే పరీక్ష చేయండి: ఖాళీ అయిదు లీటర్ల డబ్బా తూచి, అయిదు లీటర్ల నీళ్లు నింపి మళ్లీ తూచండి. తేడా అయిదు కిలోలు చూపించాలి. లీటరు నీళ్లు కిలో అని పుస్తకంలో చదివింది ఇక్కడ పనికొస్తుంది. ఒకరు అంకె పైకి చదవాలి, ఇద్దరు వేర్వేరు పుస్తకాల్లో రాసుకోవాలి.

ఇళ్లకి వెళ్లడం ముగ్గురు పిల్లలు, ఒక పెద్దవారు చొప్పున. హెచ్చెం సంతకం, ముద్ర ఉన్న ఉత్తరం జట్టుకొకటి. గుమ్మం దాటి లోపలికి వెళ్లొద్దు, అటక ఎక్కి తీసిస్తామనొద్దు. మొదటిసారి ఊరికే చెప్పి తేదీ ఇచ్చి రండి, రెండోసారి తీసుకురండి. ఒకేసారి అడిగి తీసుకోవాలంటే సగం ఇళ్లలో "రేపు రండి" అనే జవాబు వస్తుంది. అక్టోబరు చివరికి సాయంత్రం ఆరుకే చీకటి పడుతుంది, కాబట్టి ఆదివారం పొద్దున 8 నుంచి 10 దాకా మంచి సమయం.

—

వంటగది కొలతలు:

బజ్జీలు, పునుగులు మానేయండి బాబూ. కారణాలు రెండు. సలసల కాగే నూనె మూకుడు, చుట్టూ తోసుకునే మూడొందల మంది పిల్లలు: ఈ రెండూ ఒకచోట ఉండకూడదు. రెండోది, ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తిండి బడి క్యాంటీన్లలో, బడి చుట్టూ 50 మీటర్లలో పిల్లలకి అమ్మకూడదు. బడే ఆ పని చేస్తే బాగుండదు. నూనె వంటల్లో లాభం కూడా తక్కువే. నూనె సగం మిగిలిపోతుంది, దాన్ని మళ్లీ మళ్లీ కాచకూడదు.

గుగ్గిళ్లు, మజ్జిగ పెట్టండి. 200 మందికి కొలతలు ఇవి.

నల్ల శనగలు 10 కిలోలు. కిలో శనగలు నానబెట్టి ఉడికిస్తే రెండు కిలోలకి కొంచెం పైనే అవుతాయి. దొప్పకి వంద గ్రాములు చొప్పున సరిగ్గా 200 దొప్పలు. నానబెట్టేటప్పుడు గిన్నె చాలదు, ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. పది కిలోలు ఉబ్బి రెట్టింపవుతాయి, పైన నాలుగు వేళ్ల నీళ్లు ఉండాలి. కాబట్టి పాతిక లీటర్ల గిన్నెలు రెండు పెట్టండి. ముందురోజు రాత్రి తొమ్మిదికి పోసి పొద్దున అయిదుకి నీళ్లు వంపేయాలి. పన్నెండు గంటలు దాటితే నురగ కట్టి పులిసిన వాసన వస్తుంది, తాలింపు వేసినా పోదు. ఉడికించడం మధ్యాహ్న భోజనం వండే అమ్మల చేతుల మీదుగానే జరగాలి, పిల్లలు పొయ్యి దగ్గరికి వద్దు. గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే మెదగాలి కానీ తొక్క ఊడకూడదు. నీళ్లు పూర్తిగా వార్చి వెడల్పు పళ్లేల్లో ఆరబోయండి. వేడి మీద మూత పెడితే చెమట పట్టి జిగురొస్తుంది.

ఉప్పు 200 గ్రాములు, చివర్లో. తాలింపుకి నూనె అర లీటరు, ఆవాలు, ఎండుమిరపకాయలు, రెండు గుప్పిళ్ల కరివేపాకు, చిటికెడు ఇంగువ. కొబ్బరికాయలు నాలుగు తురిమి వేరే ఉంచి, అమ్మే ముందు మాత్రమే కలపండి. ముందే కలిపితే మూడు నాలుగు గంటల్లో కొబ్బరి వాసన మారుతుంది. పచ్చి ఉల్లిపాయ అసలు వద్దు.

మజ్జిగకి పెరుగు 10 లీటర్లు, శుద్ధి చేసిన నీళ్లు 30 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు రెండు. నలభై లీటర్లకి 200 గ్రాముల ఉప్పు, 200 గ్రాముల అల్లం, పచ్చిమిర్చి తక్కువగా, కరివేపాకు, కొత్తిమీర. గ్లాసు 200 మిల్లీలీటర్లు చొప్పున 200 గ్లాసులు. చల్లదనం కోసం బజారులో చేపల మీద వేసే ఐసు దిమ్మ తెచ్చి వేయకండి, అది తాగే నీళ్లతో చేసింది కాదు. కొత్త కుండలు ముందురోజే నానబెట్టి వాటిలో పోస్తే చాలు. పెరుగు ఆ పొద్దుటిదే కావాలి. చిలికిన మజ్జిగ మూడు గంటల్లో అయిపోవాలి.

ఖర్చు మీ ఊరి ధరలతో వేసుకోండి. శనగలు కిలో 90, తాలింపు, దొప్పలు కలిపితే గుగ్గిళ్లకి మొత్తం 1,400 అవుతుంది, దొప్పకి 7. దాన్ని 15కి అమ్మితే 200కి 1,600 మిగులుతుంది. మజ్జిగకి పెరుగు లీటరు 70 చొప్పున, నీళ్లు, అల్లం అన్నీ కలిపి 800. పదికి అమ్మితే 1,200 మిగులుతుంది. మొత్తం 2,800. అంతే. స్టాలు చూడటానికి సందడిగా ఉంటుంది కానీ డబ్బు పేపర్లలో ఉంది. కాబట్టి పిల్లల శ్రమ ఎక్కువ అటు పెట్టండి.

విరామం 15 నిమిషాలే అయితే వడ్డనకి ఎంతమంది కావాలో లెక్క కట్టండి. ఒకరు దొప్ప నింపి ఇవ్వడానికి పది సెకన్లు. నిమిషానికి ఆరు, పదిహేను నిమిషాలకి తొంభై. రెండొందలకి కనీసం ముగ్గురు, మజ్జిగకి ఇంకో ముగ్గురు. ఆరో, ఏడో తరగతుల వాళ్లని అయిదు నిమిషాలు ముందు వదలమని అడగండి, లేకపోతే చిన్నపిల్లలు తోపులాటలో వెనకబడిపోతారు.

అడ్డాకుల దొప్పలు 220 తెప్పించండి, కొన్ని చిరిగే ఉంటాయి. ప్లాస్టిక్ కప్పులు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. మజ్జిగకి భోజనం స్టీలు గ్లాసులు, కడగడానికి రెండు తొట్లు. పోగేసిన పాత పేపర్లలో గుగ్గిళ్లు పొట్లం కట్టొద్దు. అచ్చు సిరా తిండికి అంటుతుంది, అది కూడా నిషేధమే.

—

తొమ్మిది-బి లీడర్:

చాలా థ్యాంక్స్ అండి. లెక్క వేశాను: పేపర్లు 6,000, స్టాలు 2,800, మొత్తం 8,800. ఇంకా 6,200 తక్కువ. తరగతిలో తలా 150 వేసుకుందామని కొందరు అంటున్నారు. అలా చేయొచ్చా? ఎక్కువ ఇచ్చిన దాతల పేర్లు బోర్డు మీద పెద్దగా రాయాలా?

—

లెక్కల మాస్టారు:

తలకింత అని పెట్టొద్దు. ఆ 150 తేలేని పిల్లలు నలుగురైనా ఉంటారు, వాళ్లు ఆ వారం బడి మానేస్తారు. ఇవ్వగలిగినవాళ్లు రసీదు తీసుకుని ఇవ్వొచ్చు, ఎవరు ఎంత ఇచ్చారో తరగతిలో చదవకండి. బోర్డు మీద రసీదు నంబరు వరసలోనే రాయండి, ఎక్కువ తక్కువ వరసలో కాదు. పేరు వద్దన్నవారిది నంబరు మాత్రమే. పెద్ద మొత్తం ఇచ్చేవారు ఆదాయపు పన్ను మినహాయింపు అడిగితే, దానికోసం ఆదాయపు పన్ను శాఖలో నమోదైన సంస్థలకిచ్చిన విరాళానికే అది వర్తిస్తుందని చెప్పండి. నగదుగా 2,000 దాటితే అదీ ఉండదు. లేనిపోని మాట ఇవ్వకండి.

—

ఎన్నెస్సెస్ పీవో (జాతీయ సేవా పథకం ప్రోగ్రాం ఆఫీసరు):

రిపోర్టు గురించి. డిగ్రీలో, ఇంటరులో ఉన్న జాతీయ సేవా పథకం వాలంటీర్లకి ఏడాదికి 120 గంటల సేవ లెక్క చూపించాలి. ఆ పథకం 1969 సెప్టెంబరు 24న మొదలైంది. అక్కడ బాగా రాసేవాళ్లకీ, పేజీలు నింపేవాళ్లకీ తేడా ఒక్కటే: డైరీ. నెల తర్వాత గుర్తుచేసుకుని రాస్తే అందరి జ్ఞాపకమూ ఒకేలా ఉంటుంది, ఎందుకంటే మిగిలేది "బాగా జరిగింది" అన్న భావన మాత్రమే. అందుకే అందరి రిపోర్టూ ఒకేలా వస్తుంది.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. పని అయిన రోజు రాత్రే అయిదు గడులు నింపండి: తేదీ, మొదలైన సమయం, ముగిసిన సమయం, నేను చేసిన పని, అంకె. అంకె అంటే ఎన్ని ఇళ్లు, ఎన్ని కిలోలు, ఎన్ని కట్టలు. కింద ఒక్క వాక్యం: "అనుకున్నట్టు జరగనిది". ఇది ఖాళీగా వదలకూడదు. ఏమీ లేకపోతే "లేదు" అని రాయాలి, కానీ ఏదో ఒకటి ఉంటుంది. పురికొస కట్టినవాళ్లు, గ్లాసులు కడిగినవాళ్లు, గేటు దగ్గర నిలబడినవాళ్లు కూడా గంటలు రాసుకోవాలి. స్టాలు ముందు నిలబడినదే సేవ అనుకోవద్దు.

రెండు పేజీల్లో మొదటి అర పేజీ ఏం అనుకున్నారో. ఒక పేజీ ఏం జరిగిందో, డైరీ చూసి. చివరి అర పేజీ మళ్లీ చేస్తే ఏం మారుస్తారో. అంతకుమించి పద్ధతి అక్కర్లేదు.

తేడా ఎలా ఉంటుందో చూడండి. సాధారణంగా రాసేది ఇది: "పాత పేపర్ల సేకరణలో పాల్గొనడం వల్ల నాలో సేవాభావం, నాయకత్వ లక్షణాలు పెంపొందాయి. ప్రజలు ఎంతో సహకరించారు." ఇందులో ఒక్క మాటనీ ఎవరూ సరిచూడలేరు. ఊరి పేరు మారిస్తే ఏ బడికైనా సరిపోతుంది.

డైరీ ఉన్న పిల్ల ఇలా రాయగలదు: "మా జట్టుకి 12 ఇళ్లు. శనివారం నాలుగున్నరకి వెళ్తే 5 ఇళ్లకి తాళాలు. అందరూ మిరప చేలల్లో ఉన్నారు. ఆదివారం ఎనిమిదికి వెళ్తే అందులో 4 ఇళ్లు తెరిచి ఉన్నాయి. ఒకావిడ పేపర్లు లేవని, కూతురు పదో తరగతి నోటు పుస్తకాలు పదకొండు ఇచ్చింది. వాటి అట్టలు తీయడానికి ఇద్దరికి నలభై నిమిషాలు పట్టింది. మళ్లీ చేస్తే ఊరి పనివేళలు ముందు అడిగి తేదీ పెడతాను." ఇందులో నాయకత్వం అన్న మాటే లేదు. అయినా ఆ పిల్ల ఏం నేర్చుకుందో చదివినవారికి తెలుస్తుంది.

ఇష్టం లేని పని, సిగ్గనిపించిన క్షణం కూడా రాయొచ్చు, రాయాలి. గుమ్మం ముందు నిలబడి అడగడానికి నోరు రాకపోతే అది రాయండి, రెండో ఇంటి దగ్గర ఏ మాటతో మొదలుపెట్టారో కూడా రాయండి. టీచర్లు మార్కులు వేసేటప్పుడు ఇలాంటి రిపోర్టుని తప్పుపట్టరు. రాయకూడనివి కొన్నున్నాయి: పేపర్లు ఇవ్వనివారి పేర్లు, ఎవరింట్లో ఏముందో అన్న వివరాలు, పిల్లల మొహాలు కనిపించే ఫొటోలు వాళ్ల ఇంట్లో అడగకుండా. కట్టల ఫొటో, కాటా మీద అంకె కనిపించే ఫొటో చాలు.

—

గ్రంథాలయ రిజిస్టరు:

ఆ 6,200 తక్కువ గురించి నా మాట వినండి. ర్యాకు కొనకండి.

మీరు 60 రూపాయల సగటు అన్నారంటే అవి 24, 32 పేజీల పిల్లల పుస్తకాలు. అలాంటి పుస్తకం మందం మూడు మిల్లీమీటర్లు. 150 పుస్తకాలు వరసగా నిలబెడితే 45 సెంటీమీటర్లు, అంటే మూడడుగుల అరలో సగం. అయిదు అరల ర్యాకులో నాలుగున్నర అరలు ఖాళీగా ఉంటాయి. పైగా వీటికి వీపు ఉండదు కాబట్టి పేరు కనిపించదు, అరలో పెడితే పిల్లలు తీయరు. మీ బీరువాకి, దీనికి తేడా ఉండదు.

గోడకి హుక్కులు కొట్టి నైలాన్ తాడు కట్టండి, బట్టలకు పెట్టే క్లిప్పులతో అట్ట కనిపించేలా పుస్తకాలు వేలాడదీయండి. పది అడుగుల తాడుకి పుస్తకం 20 సెంటీమీటర్ల వెడల్పు చొప్పున 15 పడతాయి. అయిదు తాళ్లు కడితే 75. మిగతా 75 అట్టపెట్టెలో ఉంచి రెండు వారాలకోసారి మార్చండి. కింది తాడు రెండున్నర అడుగుల ఎత్తులో, పైది అయిదడుగులు దాటకుండా. హుక్కు ప్రతి అయిదడుగులకి ఒకటి లేకపోతే తాడు మధ్యలో సాగి పుస్తకాలన్నీ ఒకచోటికి జారతాయి. కిటికీ ఎదురు గోడ వద్దు, ఎండకి అట్టలు వెలిసిపోతాయి. అంతా కలిపి 500 దాటదు.

ఇప్పుడు లెక్క మళ్లీ వేయండి: పుస్తకాలు 9,000, తాళ్లు 500, రిజిస్టరు, రవాణాకి 1,000. మొత్తం 10,500. మీకు వచ్చేది 8,800. మిగిలిన 1,700 ఊళ్లో పూర్వ విద్యార్థులు రసీదుల మీద ఇస్తారు.

పుస్తకాలు ఎవరో పంపినవి కాకుండా మీరే ఎంచుకోండి. నేషనల్ బుక్ ట్రస్టు తెలుగు పిల్లల పుస్తకాలు, సికింద్రాబాదులోని మంచి పుస్తకం వారివి ఈ ధరలో దొరుకుతాయి. బడి పేరుతో ఆర్డరు పెట్టి తగ్గింపు అడగండి. మొత్తం ఒకేసారి ఖర్చుపెట్టకండి. సగం వెంటనే కొని గ్రంథాలయ వారోత్సవాల్లో, అంటే నవంబరు 14 నుంచి 20 లోపు వేలాడదీయండి. పేపర్లు ఇచ్చిన ఊరివాళ్లు వచ్చి చూడటానికి అదే సరైన వారం. పేపర్ల డబ్బు అక్టోబరు చివరికే చేతికొస్తుంది కాబట్టి వీలవుతుంది. మిగతా సగం జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవంలో, ఆరో తరగతి పిల్లలని కూడా తీసుకెళ్లి కొనండి. చిన్నవాళ్ల ఎంపిక మీకు తట్టదు.

రిజిస్టరులో గడులు: వరస నంబరు, తేదీ, పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ, పేజీలు, ధర, బిల్లు నంబరు. అదే వరస నంబరు పుస్తకం మొదటి పేజీ మీదా, పదిహేడో పేజీ మీదా రాయండి, అట్ట ఊడిపోయినా గుర్తుపట్టొచ్చు. ఇంటికిచ్చే పుస్తకాలకి వేరే నోటు పుస్తకం: పిల్లల పేరు, పుస్తకం నంబరు, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ. గడువు ఏడు రోజులు. చిరిగితే జరిమానా వద్దు, జిగురు, సూది, దారం ఒక డబ్బాలో గదిలోనే పెట్టండి, చింపినవాళ్లే కుట్టి తగిలిస్తారు.

—

తొమ్మిది-బి లీడర్:

ర్యాకు వద్దని రేపు హెచ్చెం సారుకి చెప్తాను. గది గోడలు కొలిచాను: ఒకటి 14 అడుగులు, ఇంకోటి 11, కిటికీ ఉన్నది 14 అడుగుల గోడకి. అంటే దాని ఎదురు గోడ వదిలేసి, పక్క గోడలు రెండూ వాడుకోవాలి కదా. ఒక్కో గోడకి మూడు తాళ్లు కడితే 90 పుస్తకాలు పడతాయి.

—

గ్రంథాలయ రిజిస్టరు:

సరిగ్గా కొలిచావు. ఒక్కో తాడుకి మూడు హుక్కుల చొప్పున మొత్తం 18 కావాలి, రెండు ఎక్కువే కొను. సున్నం గోడ అయితే మేకు నిలవదు, డ్రిల్లుతో కన్నం పెట్టి ప్లాస్టిక్ ప్లగ్గు దించి మరమేకు బిగించమను.